పెళ్లికూతురి చెంప మీద నా హస్తవాసి

మొన్న ఆదివారం పొట్టంగి నుంచి ఒక తల్లీ కూతురూ కోరాపుట్‌లో మా ఇంటికి వచ్చారు. వచ్చే నెలలో పిల్ల పెళ్లి. ముఖానికి ఏది నప్పుతుందో ముందుగా వేయించి చూసుకోవాలని వచ్చారు, దాన్నే ఇప్పుడు ట్రయల్ అంటున్నారు. పిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, రెండు గంటలు కుస్తీ పట్టి, మూడు రకాలుగా ముస్తాబు చేసి, చివరికి గంధం రంగు పట్టుచీర మీదికి ఇటుక రంగు పెదవులే బాగున్నాయని ముగ్గురం ఒప్పుకున్నాం. పిల్ల అద్దం వదల్లేదు. అంతా సవ్యంగా అయిందనుకుంటూ ఉంటే, వాకిట్లో చెప్పులు వేసుకున్న తల్లి మళ్లీ విప్పి లోపలికి వచ్చింది. పిల్లకి వినపడకుండా నా చెవి దగ్గర నోరు పెట్టి, "అదేటి పిన్నీ, మా అమ్మికి ఒక్కటీ ఎయ్యలేదు? మావల్ల ఏటైనా తప్పయిందేటి?" అంది. వెయ్యడమంటే చెంపదెబ్బ వెయ్యడం. మానేశానని చెప్పాను. గుడిదాకా వెళ్తే పూజారి తీర్థం ఇవ్వనన్నట్టు ఆవిడ ముఖం చిన్నబోయింది. "పెళ్లినాడైనా మరి..." అని నసిగి, నేను తల అడ్డంగా ఊపేసరికి వెళ్లిపోయింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఈ చెంపదెబ్బ సంగతి కొత్తగా విన్నవాళ్లు నన్ను రాక్షసి అనుకుంటారు. పాతవాళ్లెవరూ అలా అనుకోలేదు, అదే విచిత్రం. మా అత్తవారు విజయనగరం వైపు నుంచి వచ్చి కోరాపుట్‌లో గాజులూ బొట్టుబిళ్లలూ స్నోలూ పౌడర్లూ అమ్మే ఫ్యాన్సీ షాపు పెట్టుకున్నారు. నేను కోడలిగా వచ్చిన రోజుల్లో ఈ కొండమీద బ్యూటీ పార్లర్ అనే మాటే లేదు. కొన్న సరుకు ఎలా పూసుకోవాలో తెలియక పెళ్లివాళ్లు మళ్లీ షాపుకే వచ్చేవారు. పూసి చూపించడంతో మొదలై, కోరాపుట్ నుంచి రాయగడ దాకా తెలుగువాళ్లింట్లో పెళ్లంటే పెళ్లికూతుర్ని నేనే తయారుచెయ్యాలన్నంత వరకూ వచ్చింది. నా పద్ధతి ఒకటే. ముందు ముఖం చూడను. మెడ చూస్తాను, మణికట్టు లోపలివైపు చూస్తాను. మనిషి అసలు రంగు అక్కడుంటుంది. రెండు మెట్లు తెలుపు పెంచమని తల్లులు ప్రాణం తీస్తారు. పెంచితే ముఖం ఒకరిదీ మెడ ఇంకొకరిదీ అయి కూర్చుంటుంది. హోమం పొగకి ఏ కాటుక నిలుస్తుందో, చలికాలం ఈ కొండగాలికి ఏ పౌడరు పెచ్చులు కడుతుందో, నవ్వితే చిగుళ్లు కనిపించే పిల్లకి గులాబీ రంగు ఎందుకు పనికిరాదో, ఇవన్నీ వందల ముఖాలు తిప్పి తిప్పి చూసి నేర్చుకున్నవి. నల్లటి పిల్లని తెల్లగా చెయ్యమంటే మాత్రం చచ్చినా చెయ్యను. నల్లపిల్లకి ముదురు మెరూన్ పెదవులు దిద్ది, కల్యాణబొట్టు పెట్టి, బుగ్గచుక్క అద్ది చూడండి. ఆ అందం ముందు తెలుపు ఎందుకూ కొరగాదు. ఇంతకంటే ఈ విద్యలో రహస్యం లేదు.

ఉన్నదల్లా నా కోపం. మొదటి దెబ్బ రాయగడలో, మా అత్తగారి తమ్ముడి కూతురి పెళ్లిలో పడింది. పుట్టిల్లు వదలాలని ఆ పిల్ల ఒకటే ఏడుపు. నేను కాటుక దిద్దడం, అది బుగ్గల మీదికి కారడం, నేను తుడవడం, మళ్లీ దిద్దడం. నాలుగోసారికి నా చెయ్యి నా మాట వినలేదు. చెళ్లుమని పడింది. పిల్ల బిత్తరపోయి ఏడుపు ఆపేసింది. అప్పగింతల దాకా మళ్లీ ఒక్క చుక్క కార్చలేదు. చెంప ఎర్రబడి రూజు పూసే అవసరం కూడా లేకపోయింది. నన్ను నలుగురిలో దులిపేస్తారని భయపడుతూ ఇంటికొచ్చాను. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లకి కవల మగపిల్లలు పుట్టారు, మొగుడికి ప్రమోషన్ వచ్చింది. ఇదంతా నా హస్తవాసి అని మా అత్తగారి తమ్ముడు రాయగడంతా చాటాడు. ఫలానా డాక్టరు చేతి మాత్ర పడితే జ్వరం తగ్గుతుందన్నట్టు, నా చేతి దెబ్బ పడితే కాపురం నిలుస్తుందన్నారు.

ఇక అక్కణ్ణించి పెళ్లికూతురు ఏడ్చినా ఏడవకపోయినా తల్లులు అడిగి మరీ వేయించారు. "గట్టిగా ఎయ్యండి పిన్నీ, మా తోటికోడలి కూతురికి గట్టిగా ఏసేరట" అని పోటీలు. వీడియోలు వచ్చాక ఆ ఘట్టానికి ప్రత్యేకంగా లైటు పట్టేవారు. దెబ్బ తినకుండా పీటలెక్కిన ఒక పిల్ల ఆర్నెల్లకే పుట్టింటికి వచ్చేసిందని ఒక పుకారు కూడా తోడైంది. మా ఆయన ఉన్నన్నాళ్లూ, "నీకు బొట్టు పెట్టడం కంటే కొట్టడమే ఇష్టం" అని ఎద్దేవా చేసేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆయన అన్నది నిజం. ఆ గదిలో అంతమంది ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి నా చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తుంటే నాకు గొప్పగా ఉండేది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

అయిదేళ్ల కిందట కకిరిగుమ్మ నుంచి ఒక పిల్లని తల్లి ట్రయల్‌కి తీసుకొచ్చింది. తండ్రి స్టేషను దగ్గర చింతపండూ అల్లమూ టోకున కొని పంపే వ్యాపారి. రాయగడ సంబంధం, పెళ్లికొడుకుది సిమెంటు దుకాణం. పిల్ల చామనఛాయ కంటే ఒక పిసరు ముదురు, కళ్లు పెద్దవి. నేనేమీ అడక్కముందే ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించింది. పాలిపోయిన ముఖం, రంగులేని పెదవులు. "ఆయన ఇలగే సెయ్యమన్నారు పిన్నీ. పెదాలకి రంగు ఉండకూడదంట" అంది. అది జ్వరం వచ్చి లేచినవాళ్ల ముఖమని చెప్పి, ఊరికే చూడమంటూ మెరూన్ దిద్దాను. అద్దంలో చూసుకుని ఆ పిల్ల నవ్వింది. వచ్చాక అదే మొదటి నవ్వు. ఎంత బాగుందో నేను చెప్పలేను. అంతలోనే తల్లి వైపు చూసి, చున్నీ అంచుతో పెదవులు తుడవడం మొదలుపెట్టింది. రంగు పోయాక కూడా తుడుస్తూనే ఉంది. పెదవులు వాచిపోయాయి. నా మెరూన్‌ని అవమానించిందని నాకు ఒళ్లు మండింది. అంతకుమించి ఆలోచించలేదు. ఆ బుద్ధిలేని కోపం ఇప్పటికీ నన్ను తింటోంది.

పెళ్లి రాయగడలో, పగటి ముహూర్తం. కళ్యాణమండపం మేడమీద గదిలో పొద్దున్న ఏడింటికి పని మొదలుపెట్టాను. అంతకుముందే పెళ్లికొడుకు నాకు ఎదురొచ్చి వంగి నా కాళ్లకి దండం పెట్టాడు. "మీ సేతి మీద మా ఆవిడ అందం ఆధారపడి ఉందండీ" అన్నాడు. వంటవాళ్లని సైతం మీరు అని పిలుస్తున్నాడు. ఇలాంటి అల్లుడు దొరికాడని అసూయ పడే తల్లులు ఆ మండపంలో పది మందైనా ఉంటారు. పిల్లకి పూలజడ వెయ్యడానికి జుట్టు పాయలు తీశాను. కుడిచెవి పైన నిమ్మకాయంత బొప్పి, దాని మీద ఇంకా పచ్చిగా ఉన్న చెక్కు. దువ్వెన పన్ను దాన్ని గీరుకుంది. రక్తం చిమ్మింది. ఆ పిల్ల అబ్బా అనలేదు. పచ్చిపుండు మీద దువ్వెన దిగితే కిమ్మనకుండా కూర్చున్న మనిషిని నేను అప్పుడే చూశాను. "ఏటే అమ్మి ఇది?" అన్నాను. "గుమ్మం తగిలింది" అని తల్లీ కూతురూ ఒక్కసారే అన్నారు. అన్నాక పిల్ల కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారి, కాటుకంతా చెంపల మీదికి వచ్చింది.

"ఒక్కటి ఏసీండి పిన్నీ, ముహూర్తం దగ్గిర పడిపోతంది" అంది తల్లి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వుతూ ఫోన్లు ఎత్తారు. నా చెయ్యి దాని అలవాటు చొప్పున లేచింది. లేచీ లేవకముందే ఆ పిల్ల స్టూలు మీద నుంచి నేలకి జారిపోయింది. మోకాళ్లలో ముఖం దాచుకుని, రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయింది. ఇది భయపడ్డ పిల్ల చేసే పని కాదు, ఎన్నోసార్లు తిన్న మనిషి ఒళ్లు నేర్చుకున్న పని అని నాకు తెలిసింది. తెలిసిందే గాని చెయ్యి ఆగలేదు. దిగిన చెయ్యి ఆ పిల్ల మణికట్ల మీద పడింది. గాజులు పగిలి, ముక్కలు నా అరచేతిలో దిగాయి, కొన్ని ఆ పిల్ల చేతిలో దిగాయి. "అయ్యో, గాజులు! శుభమా అని..." అని తల్లి గుండెలు బాదుకుంది. పిల్ల చేతినుంచి కారుతున్న రక్తం ఆవిడకి కనిపించలేదు. నేను అరిచి అందర్నీ బయటికి తోశాను.

తలుపు వేశాక, కింద కూర్చునే ఆ పిల్ల చెప్పింది. పెళ్లికి ముందే ఫొటోలు తీయించుకోవడం ఇప్పటి వాడుక కదా, దానికోసం లమ్తపుట్ దాటి జలపాతం దగ్గరికి వెళ్లారట. ఫొటోగ్రాఫర్ తరఫున వచ్చిన అమ్మాయి పెదవులకి ఎర్రరంగు వేసింది. "ఎవలికి సూపించడానికి ఏసుకున్నావని ఫోనుతోటి కొట్టేడు పిన్నీ. మొకం మీద కొట్టడు, పెళ్లి ఫొటోలు పాడైపోతాయని. ఇప్పటికి నాలుగుసార్లయింది" అంది. నాన్నతో ఎందుకు చెప్పలేదని అడిగాను. "అమ్మకి సెప్పేను. పెళ్లయితే సర్దుకుంటాడంది. నాన్న నమ్మడు పిన్నీ, కనపడినప్పుడల్లా కాళ్లకి దండం ఎడతాడు కదా. ఆయనకి కోపం ఒస్తే ఎలగుంటాడో నేను తప్ప ఎవులూ సూడలేదు. నాకీ పెళ్లొద్దు" అంది. ఇంకో రెండు గంటల్లో ముహూర్తం. నేను తండ్రిని పిలుచుకొస్తానని తలుపు తీస్తే, తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. "నా కూతురి పెళ్లి సెడగొట్టకండి, మీ కాళ్లు ఒట్టుకుంటాను" అని నిజంగానే పట్టుకుంది. ఆవిణ్ణి విడిపించుకుని మళ్లీ తలుపు వేసి వెనక్కి తిరిగేసరికి పిల్ల లేచి నిలబడి నా పెట్టె వెతుకుతోంది. మెరూన్ తీసి నా చేతిలో పెట్టింది. "ఇది ఎయ్యండి పిన్నీ. అందరి ముందరా సూస్తాడు కదా, అందరూ ఆయన్నీ సూస్తారు" అంది. ప్రమాదం కదే అన్నాను. "పెళ్లయిపోతే కాదేటి?" అంది. నేను ఎవరి పెదవులకీ అంత జాగ్రత్తగా రంగు దిద్దలేదు. నా అరచేతి రక్తం చీర మీద పడకుండా పైట చుట్టుకుని దిద్దాను.

గౌరీపూజకి ముందు ఈమధ్య ఫొటోగ్రాఫర్లు ఒక కొత్త ఆచారం పెట్టారు. పూలు కట్టిన వేదిక మీద పెళ్లికూతురు అటు తిరిగి నిలబడుతుంది, పెళ్లికొడుకు వచ్చి భుజం తడితే ఇటు తిరుగుతుంది, అతను ఆశ్చర్యపోవాలి. బంధువులంతా చుట్టూ మూగారు. అతను భుజం తట్టాడు, పిల్ల తిరిగింది. అతని నవ్వు అలాగే ఉంది గాని చెంప ఒకటి అదిరింది. జేబులోంచి చేతిరుమాలు తీసి, ఎడమచేత్తో పిల్ల గడ్డం పట్టుకుని పెదవులు తుడవసాగాడు. ముద్దుముచ్చట అనుకుని అందరూ నవ్వారు. పిల్ల ముఖం పక్కకి తిప్పుకుంది. అతను గడ్డం నొక్కి తనవైపు లాక్కుని, నవ్వుతూనే ఇంకా గట్టిగా రుద్దాడు. పళ్లకి ఒత్తుకుని పెదవి చిట్లింది. రుమాలు మీద ఉన్నది రంగో రక్తమో దూరం నుంచి చూసేవాళ్లకి తెలియదు. నాకు తెలిసింది. మెట్లెక్కి వెళ్లి, ఉన్న బలమంతా పెట్టి అతని చెంప మీద కొట్టాను.

ఆ వెంటనే చప్పట్లు! "పిన్ని పెళ్లికొడుక్కి కూడా ఏసీసింది! ఇంక తిరుగులేదు!" అని ఎవరో ముసలాయన కేకేశాడు. ఆడవాళ్లు అక్షింతలు చల్లారు. నా హస్తవాసి అంత గొప్పది మరి, ఒకణ్ణి చంపినా దీవెన అనుకుంటారు. వీడియో తీసే ఒడియా కుర్రాడు కెమెరా దించకుండా, "మావుసీ, ఆవు థొరే!" అని అరిచాడు, ఇంకొక్కసారి అని. అడిగాడు కదా అని రెండో చెంప మీద ఇంకా గట్టిగా వేశాను. ఈసారి అతని నవ్వు ఊడిపోయింది. పిడికిలితో నా నోటి మీద గుద్దాడు. నేను వెనక్కి పడి, ఇత్తడి దీపస్తంభాన్ని కూలదోసుకుంటూ మెట్ల మీదికి జారాను. పైవరసలో రెండు పళ్లు నాలుక మీదికి వచ్చాయి. అతను అంతటితో ఆగలేదు. "నీ వల్లే కదే!" అంటూ ఆ పిల్ల జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. సవరంతో సహా పూలజడ ఊడి అతని చేతిలోకి వచ్చింది. దాన్నే కొరడాలా తిప్పి ఆ పిల్లని కొట్టాడు, ఒకటి, రెండు, మూడు. కెమెరా తీస్తూనే ఉంది. కీడు మాట, ఏడుపు చెవిన పడకూడదని గట్టిమేళం వాయించడం మనవాళ్ల వాడుక కదా. అరుపులు విన్న మేళగాళ్లు వాళ్ల ధర్మం ప్రకారం ఉధృతంగా వాయించారు. ఆ డోలు మోతలో ఆ పిల్ల ఏడుపు ఎవరికీ వినపడలేదు.

వాళ్ల నాన్న నిదానమైన మనిషి. బస్తాలు మోయించే చోట కూడా గొంతు పెంచడని పేరు. ఆయన వేదిక ఎక్కి, మేళాన్ని ఆపమని చెయ్యి ఎత్తాడు. జడ ఊడిన చోట కూతురి తల మీద రక్తం కట్టిన బొప్పి చూశాడు. వేళ్లతో తడిమాడు. "ఇది ఇప్పటిది కాదు. ఏటిది?" అన్నాడు. "గుమ్మం తగిలింది" అంది తల్లి కింద నుంచి. పిల్ల తల ఎత్తి, "గుమ్మం కాదు నాన్నా" అంది. అంతే. ఆయన పడి ఉన్న దీపస్తంభం ఎత్తి అల్లుడి మోకాళ్ల మీద వేశాడు. తరువాత జరిగింది వరసగా చెప్పలేను. కుర్చీలు గాల్లోకి లేచాయి. వియ్యాలవారి తలలూ మావాళ్ల తలలూ సమానంగా పగిలాయి. సాంబారు గంగాళం దొర్లి ఇద్దరికి కాళ్లు బొబ్బలెక్కాయి. పురోహితుడు కొబ్బరికాయల బస్తా వెనక దాక్కుంటే, ఎవరో ఆ కాయలే తీసి విసిరారు. ఎనిమిది మందికి కుట్లు పడ్డాయి, పోలీసులు వచ్చారు, పెళ్లి ఆగిపోయింది. నోటినిండా రక్తంతో మెట్ల మీద కూర్చుని, జన్మలో మొదటిసారి ఒక ముస్తాబు నాకు పూర్తిగా కుదిరిందని సంతోషించాను.

ఆ సంతోషం పావుగంట కూడా నిలవలేదు. పిల్లని మేడమీద గదికి తీసుకెళ్లి, ముఖం తుడుద్దామని కొబ్బరినూనెలో దూది ముంచాను. అద్దం ముందు కూర్చున్న ఆ పిల్ల అప్పటికి కాస్త తేరుకుంది, నా పళ్ల గురించి అడుగుతోంది. నేను దూది పట్టుకుని చెయ్యి ఎత్తాను. ఆ పిల్ల మాట మధ్యలో ఆగిపోయి, మోచేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయింది. "నేనే, అమ్మి. పిన్నిని" అన్నాను. మోచేతుల వెనక నుంచి, "తెలుసు పిన్నీ. అందుకే" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పుకునేదాన్ని. దూది అక్కడ పెట్టేసి, తనే తుడుచుకోమని చెప్పి, బయటికొచ్చి వరండాలో కూర్చుని ఏడ్చాను. ముప్పై ఏళ్లలో ఎన్ని చెంపలు! నాకు కనిపించినవన్నీ ఎర్రబడ్డ బుగ్గలే. ఏ ఒక్క పిల్ల కళ్లల్లోకీ నేను చూడలేదు. వాడికి ఫోను, నాకు హస్తవాసి. నేను చెయ్యి చేసుకున్నది కూడా ఎదురు చెప్పలేని వాళ్ల మీదే. ఆ రోజు నుంచి ఎవర్నీ కొట్టలేదు. మా ఇంటి పిల్లల్ని కూడా.

ఆ పిల్ల ఇప్పుడు లమ్తపుట్‌లో బడిపంతులమ్మ. పెళ్లి మాట ఎత్తనివ్వదు. ఏడాదికి రెండుమూడుసార్లు మెరూన్ రంగు పెదవులతో, నాన్న పంపిన అల్లం సంచితో నన్ను చూడటానికి వస్తుంది. నా మీద ఎంతో ప్రేమ, ఆ సంగతి నాకు తెలుసు. వచ్చిన మొదటి ఏడాది నా గదిలోకి రాకుండా గడప మీదే కూర్చుని మాట్లాడింది. తరువాత గోడవారన కుర్చీలో. పోయిన నెల వచ్చినప్పుడు నా మంచం చివర కూర్చుంది, నేను చెయ్యి చాపితే అందే మూరెడు దూరంలో. నేను చాపలేదు. గడప నుంచి మంచం దాకా రావడానికి ఆ పిల్లకి అయిదేళ్లు పట్టింది. ఈ మిగిలిన మూరెడుకి ఎన్నేళ్లు పడుతుందో, అన్నేళ్లు నాకు ఉన్నాయో లేవో.